సూడాన్ ఇసుకలో నా అబద్ధం ఒప్పుకున్న రోజు

సహోదరులారా, నెల రోజులపాటు నాకు ముద్ద గొంతు దిగలేదు, కన్ను మూస్తే గుండె దడదడలాడి లేచి కూర్చునేవాణ్ణి, రోగం లేదు, జ్వరం లేదు, అంతా భయమే! కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళలో బోరింగులు బాగుచేసుకునే ఈ ప్రకాశాన్ని భయమనే బందిఖానాలోనుంచి దేవుడు ఎలా విడిపించాడో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ఆఫ్రికాలో కరువు పడి లక్షలమంది ఊళ్ళు వదిలిపోతున్న రోజులవి. సూడాన్‌లో కాందిశీకుల శిబిరానికి చేతి పంపుల పని తెలిసినవాడు కావాలని ఒక సహాయ సంఘంవారు మన పాస్టరుగారిని అడిగితే, ఆయన నా పేరు చెప్పారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఒరేయ్, ఆడ తాగేదానికి నీళ్ళు లేవంటన్నారు గదరా, నువ్వెందుకురా పోయేది?" అంది. "నీళ్ళు లేవనే గదమ్మా పిలిచింది" అన్నాను. నా భార్య సలోమి అప్పుడు మూడో నెల. ఆమె కళ్ళు తుడుచుకుని, "వెళ్ళిరండి, కాన్పుకు నేను సత్తెనపల్లిలో మావాళ్ళ దగ్గరుంటాను" అంది.

అక్కడికి పోయాక చూస్తే, కొండా లేదు చెట్టూ లేదు, ఎటు చూసినా గుడారాలే! అన్ని వేలమందికి రెండే బోరింగులు. ఏడో క్లాసు చదివిన నన్ను అందరూ ఇంజనీరు అని పిలిచేవారు. పని బాగానే సాగుతుండగా సలోమి ఉత్తరం వచ్చింది: బిడ్డ అడ్డం తిరిగి ఉందన్నారు డాక్టరమ్మ, మీరు దిగులుపడకండి అని. అంతే, ఆ తర్వాత ఉత్తరం లేదు! కాన్పు రోజులు దగ్గరపడ్డాయి, దాటిపోయాయి, ప్రతి వారం టపా తెచ్చే లారీకి ఎదురుపోయి ఉత్తచేతులతో తిరిగొచ్చేవాణ్ణి. ఆమె పోయిందేమో, బిడ్డ పోయిందేమో, నాకు చెప్పలేక దాస్తున్నారేమో అని రాయని ఉత్తరాలన్నీ నేనే మనసులో చదువుకునేవాణ్ణి.

ఇంతలో ఒక బోరింగులో నీళ్ళు పైకి లాగే తోలు వాచర్లు అరిగిపోయి నీళ్ళు ఆగిపోయాయి, రెండోది కూడా సన్నబడింది. వాచర్లు దొరికేది రోజు ప్రయాణం దూరంలో ఉన్న పట్నంలో. రెండు రోజుల్లో తెస్తానని బిందెలతో కాచుకున్న తల్లులకు చెప్పి లారీ ఎక్కాను. కానీ సహోదరులారా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా పెట్టెలో బట్టలన్నీ సర్దుకున్నాను, పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాను. పట్నంలో రాజధానికి పోయే బస్సెక్కి పారిపోదామనే నా ఉద్దేశం!

లారీ నడిపేది ఇద్రీస్ అనే పెద్దాయన. ఆయనకు కొంచెం ఇంగ్లీషు వచ్చు, నాకూ కొంచెమే. మధ్యాహ్నం దాటాక ఆకాశమంత ఎత్తు దుమ్ము లేచి గోడలా మీద పడింది, ఎదురుగా చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు! దారి తప్పాం, ఇంజనులోకి ఇసుక పోయి లారీ ఆగిపోయింది. మా దగ్గరున్నది ఒక్క డబ్బా నీళ్ళు. ఇద్రీస్ తన పద్ధతిలో ప్రార్థన చేసుకున్నాడు. నేను లారీ తలుపు బిగించుకుని ఏడ్చాను: "అయ్యా, నేను అబద్ధికుణ్ణి. దాహంతో ఉన్నవాళ్ళకు మాటిచ్చి పారిపోతున్నాను. ఇంత దూరంనుంచి నా సలోమికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆమెను నీ చేతికి ఇస్తున్నాను తండ్రీ, నన్ను బతికిస్తే వెనక్కి పోతాను."

నా అబద్ధం మనిషి ముందు కూడా ఒప్పుకోకపోతే ఆ మాట మీద నిలబడనని తోచి, ఇద్రీస్‌తో చెప్పాను: "అన్నా, నేను తిరిగి రాకూడదనే బయలుదేరాను."

"తెలుసు ఇంజనీరూ. రెండు రోజుల పనికి ఎవరైనా ట్రంకు పెట్టె తెచ్చుకుంటారా?" అన్నాడు.

"మరి ఎందుకు ఎక్కించుకున్నావు?"

"నాకూ భార్యాబిడ్డలున్నారు. నిన్ను ఆపడానికి నాకు నోరు రాలేదు."

తెల్లవారి దుమ్ము తగ్గాక చూస్తే, దేవునికే మహిమ, దారి మాకు రెండు చేల దూరంలోనే ఉంది! గాలి ఫిల్టరు విప్పి ఇసుక దులిపాను, లారీ కదిలింది.

పట్నంలో టపా కార్యాలయానికి పరుగెత్తాను. ఉత్తరం లేదు. బయట రాజధాని బస్సు హారను కొడుతోంది, నా కాళ్ళు అటే లాగాయి. భయం పోయిందని చెబితే మళ్ళీ అబద్ధమాడినట్టే, అది నాలోనే ఉంది, కానీ నా మెడ పట్టుకుని నడిపించే బలం దానికి లేకుండా ప్రభువు చేశాడు! వాచర్లు తీసుకుని ఇద్రీస్ పక్కన ఎక్కి కూర్చున్నాను.

మేము చేరేసరికి రెండో బోరింగు కూడా ఆగిపోయి, బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు ఎండలో కూలబడి ఉన్నారు. ఆ సాయంత్రానికే నీళ్ళు పడ్డాయి. వాళ్ళు నాలుక ఆడిస్తూ వేసిన ఆ సంతోషపు కూత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మరో మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సలోమిని గుంటూరు తీసుకుపోయి ఆపరేషను చేశారట, ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. కాన్పు తేదీ చూసి నేను అక్కడే మోకాళ్ళమీద పడిపోయాను. నేను పెట్టె సర్దుకుని లారీ ఎక్కడానికి పద్దెనిమిది రోజుల ముందే! నేను ఇసుకలో చిక్కుకుని చచ్చిపోయిందేమోనని ఏడ్చిన బిడ్డ అప్పటికే అమ్మమ్మ ఇంట్లో కడుపునిండా పాలు తాగి నిద్రపోతోంది!

కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి మబ్బు వంక చూస్తున్నవాళ్ళు, ఆసుపత్రి కబురు కోసం కాచుకున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అన్ని కబుర్లూ మంచివే వస్తాయని నేను మాటివ్వలేను. కానీ కబురు మనకు అందకముందే ఆయన అక్కడ ఉంటాడు, అది మాత్రం నేను చూశాను. మీ భయాన్ని ఈ రోజే ఆయన చేతిలో పెట్టి, మీరు మాటిచ్చిన పనికి తిరిగి వెళ్ళండి. నన్ను వెనక్కి తిప్పిన దేవునికే మహిమ.