డీజిల్ డ్రమ్ముల ఒప్పందం

మా నాన్న ఎంత కోపంలో ఉన్నా వార్తల వేళకి రేడియో పెట్టడం మానేవాడు కాదు. డెబ్భై ఒకటి యుద్ధంలో మా తీరమంతా దీపాలార్పించి కూర్చోబెట్టారు. పోర్టు, నౌకాదళం, నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ అన్నీ మా పక్కనే కదా, బాంబు పడితే ముందు మనకే అన్న భయం ఆయనకి అప్పుడు పట్టుకుంది. అప్పటినుంచి పాకిస్తాన్ మాట వినబడితే చాలు, వల అల్లుతున్న చెయ్యి ఆగిపోయేది.

ఎనభై అయిదు ఆఖర్లో ఒక సాయంత్రం అలాగే ఆగింది. రెండు దేశాల పెద్దలూ ఢిల్లీలో కలుసుకుని, ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదని అనుకున్నారట. కాగితం లేదు, నోటిమాటే.

"యుద్దమొచ్చినా ఆటి జోలికి ఎల్లరంట నాన్నా" అన్నాను.

"ఎలాగెల్తారే? అది పగిల్తే ఆ గాలి సరిహద్దు సూసుకుని ఆగుతాదేటి?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మాకూ ఒక యుద్ధం నడుస్తోంది. శత్రువు ఎవరో కాదు, మా అమ్మ సొంత అన్నయ్య. ఇసుక దిబ్బకి అటుపక్క పల్లెకి మావయ్య పెద్ద, ఇటుపక్క మా పల్లెకి నాన్న పెద్ద. వాళ్ల మరబోటు మా వలల మీదుగా పోయి వాటిని పీలికలు చేసింది. మావాళ్లు వాళ్ల లంగరు పట్టుకొచ్చేశారు. పోట్లాట ముదిరి, కుర్రాళ్లు "మీ డీజిల్ డ్రమ్ములు తగలెట్టేత్తాం" అంటే "మీయి మాత్రం ఉంటాయేటి" అనేదాకా వచ్చింది. రెండు పల్లెల్లోనూ అన్నీ తాటాకిళ్లే. ఒక డ్రమ్ము అంటుకుంటే రెండూ బూడిదే.

మధ్యలో నా పెళ్లి. మావయ్య కొడుకుతో మాఘమాసంలో ముహూర్తం పెట్టేశారు. బావంటే నాకు చచ్చేంత ఇష్టం. ఈ ముసలాళ్లిద్దరి పౌరుషం నా పెళ్లి మీదికి తెచ్చేట్టుందని ఒళ్లు మండిపోయేది.

ఆ రేడియో వార్త పట్టుకుని నాన్న వెంట పడ్డాను. దేశాలకి దేశాలే ఒక మాట అనుకున్నాయి, మీకేం తక్కువని రోజూ సాధించాను. చివరికి నాన్న, మావయ్య ఇసుక దిబ్బ మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఎంత తిట్టుకున్నా ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు, ఆ తిట్లు వినడానికి భలేగా ఉండేవి. గొడవ గొడవే, పెళ్లి పెళ్లే అని తేల్చారు. డ్రమ్ముల జోలికి ఎవరూ వెళ్లకూడదు, ఆ దరిదాపుల్లో బీడీ కూడా ముట్టించకూడదు. అలాగైతే డ్రమ్ములెక్కడున్నాయో చెప్పుకోవాలి కదా! వలల పాకలో ఉన్నాయన్నాడు నాన్న. బోటు రేవులో ఉన్నాయన్నాడు మావయ్య.

మర్నాడే నాన్న వలల పాకలోని డ్రమ్ములన్నీ దొర్లించుకొచ్చి మా పెరట్లో పెట్టించి, పాత వలలు కప్పి, పైన ఎండుచేపల గంపలు పేర్చాడు. ఇదేమిటని అడిగితే, "నోర్ముయ్యే, ఇది దేశ రగస్యం" అన్నాడు.

పెళ్లిరోజు పొద్దు వాలుతుండగా మావయ్య వాళ్ల ఊరేగింపు వచ్చింది. గోపాలపట్నం బాజాలు, గంపల నిండా తారాజువ్వలు. మొదటి జువ్వ పెళ్లికొడుకే వెలిగించాలి, అది మా వాడుక. మావయ్య మాట మీద నిలబడే మనిషి.

"వలల పాకకాడ డ్రమ్ములున్నాయిరా, మాటిచ్చినాం. ఆ సాయకెల్లకండి. ఇంటెనక్కి పదండి" అని అందరినీ తిన్నగా మా పెరట్లోకి తీసుకొచ్చాడు.

తడిక సందులోంచి చూశాను. బావ అగరొత్తి పట్టుకుని ఎండుచేపల గంపల పక్కనే నిలబడ్డాడు. నాన్న ఆ అగరొత్తినీ మావయ్యనీ మార్చి మార్చి చూస్తున్నాడు. మాట తప్పినట్టు బయటపడితే పెళ్లివారు వెనక్కి తిరిగిపోవచ్చు. చెప్పకపోతే మేమెవరం మిగలం. నేను పీట మీంచి లేచి, బాసికంతోనే పెరట్లోకి పరుగెత్తాను.

"బావా, అగరొత్తి ఆర్పీ! డ్రమ్ములిక్కడున్నాయి!"

బాజాలు ఆగిపోయాయి. బావ అగరొత్తిని ఇసుకలో గుచ్చేశాడు. మావయ్య గంప ఎత్తి చూసి, నాన్న వైపు తిరిగాడు.

"ఏటి బావా ఇది? అబద్దం సెప్పినావా?"

నాన్న తల దించుకున్నాడు. "పాకలో ఉంటే మీ కుర్రోళ్లు ఏటి సేత్తారోనని బయమేసినాది. ఈ ఇంటికైతే నువ్వు నిప్పు పడనివ్వవు. నీ కోడలుంది గదా."

మావయ్య చేతిలోని గంపని కింద పడేశాడు. ఇక పెళ్లి లేనట్టే అనుకున్నాను. అంతలో ఆయన ఉన్నచోటే ఇసుకలో కూలబడి పడీపడీ నవ్వడం మొదలుపెట్టాడు.

"నాయి కూడా రేవులో లేవు బావా. మా ఇంట్లో కొత్త కోడలికని ఏసిన మంచం కిందున్నాయి. కూతురొచ్చే ఇంటిని నువ్వు కాల్చవు గదా అని!"

రెండు పల్లెలూ గొల్లున నవ్వాయి. అమ్మ మాత్రం నవ్వలేదు. "నా పిల్లని డ్రమ్ముల మీద కూకోబెట్టి సమందం కలుపుకుంటారా" అని మొగుణ్ణీ అన్ననీ కలిపి ఉతికి ఆరేసింది. ఇద్దరూ కిక్కురుమనకుండా పంచెలు ఎగ్గట్టి, పక్కపక్కనే డ్రమ్ములు దొర్లించుకుంటూ ఇసుకలోకి బయల్దేరారు. వాళ్ల వెనక బావ, ఆ వెనక రెండు పల్లెల కుర్రాళ్లు. ఆ రెండు నెలలూ ఆ ఇద్దరూ ఒకరినొకరు అనని మాట లేదు, నిన్ను నమ్మాను అన్న ఒక్కటి తప్ప. పెళ్లి బట్టల్లో గుమ్మంలో నిలబడి వాళ్లని చూస్తుంటే నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.