ఊరికి తెలియకూడదని

పెళ్లయిన నాలుగేళ్లకు నెల తప్పాను. అంతకు రెండేళ్ల ముందే నాకు చక్కెర జబ్బు బయటపడింది. నందికొట్కూరులో ఒక డాక్టరు రాసిచ్చిన మాత్రలు పొద్దున, సాయంత్రం మింగేదాన్ని.

మా ఇళ్లలో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటికి చెప్పరు, దిష్టి తగులుతుందని. ఆ డాక్టరు దగ్గర కాంపౌండరు మా వీధివాడే. అక్కడ నోరు విప్పితే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. అందుకే వెళ్లలేదు. "కడుపుతో ఉండి మాత్రలు మింగితే బిడ్డకు తగుల్తాది, మానేయ్‌మ్మా" అంది మా అత్త. నాకూ అదే భయం. మానేశాను. ఊరికి తెలియకూడదని డాక్టరుకే తెలియకుండా దాచిన ఘనురాలిని.

నాలుగో నెల పడ్డాక అత్తా నేనూ బస్సులో కర్నూలు వెళ్లాం. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.

"మాత్రలు ఎవురు మానమన్నారు?"

అత్త నేలచూపు చూస్తోంది. "ఎవురూ అనలేదు మేడం, నేనే మానేసినా" అన్నాను.

"మాత్ర కన్నా ఈ చక్కెరే బిడ్డకు ముప్పు. గుండె, వెన్ను తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనే. అప్పుడే వచ్చింటే ఇన్సులిన్‌కు మార్చేదాన్ని. అది బిడ్డ దాకా పోదు."

"ఇప్పుడు ఏమన్నా అయ్యింటాదా?"

"ఐదో నెల స్కాన్‌లో గుండె చూస్తాం. అంతవరకు చెప్పలేను."

ఆ ఐదు వారాలు పగవాళ్లకు కూడా వద్దు. రోజూ పొట్టలో సూది, వేలి చివర రక్తపు చుక్క. అంకె కాస్త పెరిగితే ఇంకో వేలు పొడుచుకుని మళ్లీ చూసుకునేదాన్ని. ఇకమీద నేనెంత పద్ధతిగా ఉన్నా తయారైపోయిన గుండె మళ్లీ తయారు కాదు. అన్నం కలుపుతున్నా అదే ఆలోచన. అత్త నాకెదురు పడడమే తగ్గించేసింది.

స్కాన్ గదిలో డాక్టరమ్మ ఒకేచోట చాలాసేపు చూసింది.

"గుండెలో చిన్న రంధ్రం కనిపిస్తాండాది. శానామందికి దానంతట అదే మూసుకుంటాది. చక్కెర వల్లనే వచ్చిందని కూడా చెప్పలేం. చక్కెర లేనోళ్ల బిడ్డలకూ ఉంటాది."

పాపకు ఏడాది దాటాక అది మూసుకుపోయింది. కానీ ఆ రోజు ఆ సంగతి ఎవరికి తెలుసు?

బయట బల్ల మీద నుంచి అత్త లేచింది. రంధ్రం సంగతి చెప్పాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నేను మాన్పియ్యబట్టేనా?" అని అడిగింది.

చక్కెర వల్లనే అని చెప్పలేమని డాక్టరమ్మ అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. అదే చెప్పి ఉంటే ఆ మనిషి ఆ రాత్రి నిద్రపోయేది. చెప్పలేదు. నా భయం మోయడానికి నాకింకొకరు కావాల్సి వచ్చింది.