చిన్నమ్మకు తీసుకెళ్లిన ఆల్చిప్పలు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మా చిన్నమ్మ కొడుకు చనిపోయాడు. డిగ్రీ చదువుతున్నవాడు. రాష్ట్రం ఇక రాదన్న బెంగతో తన ప్రాణం తానే తీసుకున్నాడు. దినాలు అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. చిన్నమ్మ అన్నం ముట్టడం లేదని వాళ్ల ఊరు పెద్దవంగర నుంచి మాకు కబురు వచ్చింది.

అమ్మ ఏడవలేదు. మా ఊరి చెరువులోకి దిగి, ఎండలకు నీళ్లు తగ్గిన చోట బురదలో కాళ్లతో తడుముతూ ఆల్చిప్పలు ఏరింది. నోరు తెరుచుకున్నవి చచ్చినవని అవతల పడేసింది. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ అలాగే ఏరేవారట. చింతపులుసు పోసి వండితే చిన్నమ్మ ఇంకే కూరా అడిగేది కాదట. బురద కక్కడానికి వాటిని మంచినీళ్ల బకెట్‌లో వేసి ఉంచాం.

తెల్లారి బంద్. బస్సుల్లేవు. కేసముద్రం మార్కెట్ మూసేశారని మక్కజొన్న బస్తాలతో తిరిగిపోతున్న ట్రాక్టర్ ఎక్కాం. దారిలో ఒకచోట బంద్ చేసేవాళ్లు టైర్లు కాల్చి అడ్డంగా కూర్చున్నారు. ఎక్కడికని అడిగితే అమ్మ తన చెల్లెలి కొడుకు సంగతి చెప్పింది. వాళ్లు లేచి దారి ఇచ్చారు.

చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. నేను బకెట్ తెచ్చి పక్కన పెట్టాను. చిన్నమ్మ లేచి వచ్చి అందులోకి చూసింది. కొన్ని చిప్పలు కాస్త విచ్చుకుని ఉన్నాయి. ఆమె వేలు తగలగానే ఒకటి గట్టిగా మూసుకుంది.

"బతికున్నయా అక్కా?"

"బతికున్నయే వండాలె. సచ్చినయి తినరాదు," అంది అమ్మ.

"వద్దు. నా ఇంట్ల ఇంకో పాణం పోవద్దు."

అమ్మకు కోపం వచ్చింది. నీకోసమే ఇంత దూరం మోసుకొచ్చానని గొంతు పెంచింది. అంతలోనే పొయ్యి మీద నీళ్లు చల్లి ఆర్పేసి, చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం ముగ్గురం వాళ్ల ఊరి చెరువులో వాటిని వదిలేశాం. ఇంటికొచ్చాక చిన్నమ్మ పచ్చిపులుసుతో నాలుగు ముద్దలు తింది.

ఆ వేసవిలోనే ఆ చెరువు అడుగంటింది. నేను మళ్లీ వెళ్లినప్పుడు కొంగలు పొడిచి ఖాళీ చేసిన చిప్పలు పగిలిన మట్టి మీద పడి ఉన్నాయి. మేం వదిలినవో కాదో తెలియదు. చిన్నమ్మతో బయటికి వెళ్లినప్పుడు ఆమెను చుట్టుదారిన తీసుకెళ్లాను.

తెలంగాణ వచ్చిన రోజు ఊరివాళ్లు డప్పులతో వచ్చి ఆమెను చౌరస్తాకు పిలుచుకెళ్లారు. కొడుకు ఫోటోకు దండ వేయించి, శాలువా కప్పారు. ఇంటికొచ్చి శాలువా మడిచి పెట్టింది. వాడుంటే ఆ డప్పులకు పొద్దుగూకే దాకా ఎగిరేవాడని నాతో అంది. బయట పటాకులు పేలుతుంటే తలుపు దగ్గరకు వేసి పడుకుంది.