ఆదేశం గడిలో పేరు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, దసరా ఇంకో వారం ఉందనగా, కంపెనీ నన్ను సీనియర్ కెమిస్ట్ హోదాలో ఎల్బీనగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ల మురుగునీటి శుద్ధి ప్లాంటుకు పంపింది. నీటి పీహెచ్ అయిదున్నరకు పడిపోయిందని, అంటే యాసిడ్ పాలు ఎక్కువైందని ఫిర్యాదు. మురుగును శుభ్రం చేసేది నిజానికి మేం కాదు, గాలి ఊదే ట్యాంకులోని బ్యాక్టీరియా. పీహెచ్ ఏడుకు కాస్త అటూ ఇటూ ఉంటేనే అవి సుఖంగా బతుకుతాయి.

ఆపరేటర్ యాదగిరిది నల్లగొండ దగ్గర పల్లె. బ్యాక్టీరియాను ‘మనోళ్లు’ అనేవాడు. వింటే నాకు నవ్వొచ్చేది. అసోసియేషన్ సెక్రటరీ సుబ్బారావు గారు మాత్రం అతని మీద మండిపడుతున్నారు.

“సరిగ్గా చూడట్లేదండీ. పండగలోపు బాగుపడకపోతే మనిషిని మార్చేయాల్సిందే,” అన్నారు.

నేను యాసిడ్‌ను విరిచే కాస్టిక్ సోడా తెప్పించి నేరుగా గాలి ట్యాంకులో పోయమన్నాను. యాదగిరి డబ్బా పట్టుకుని నిలబడిపోయాడు.

“జర ఆగుండ్రి సార్. గింత ఒక్కసారే పోస్తే మనోళ్లు తట్టుకోరు. ముందు యాసిడ్ యాడికెళ్లి ఒస్తుందో చూద్దాం.”

ముప్ఫై ఏళ్ల అనుభవం నాది. ఆ మాట చెవికెక్కలేదు. పోయించాను.

సాయంత్రానికి పీహెచ్ పది దాటింది. మర్నాడు ట్యాంకు నిండా తెల్ల నురుగు, కుళ్లు కంపు. బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోయాయి. సుబ్బారావు గారు వచ్చి యాదగిరిని చెడామడా తిట్టి, రేపటినుంచి రావద్దన్నారు. అతను నా వైపు చూడనైనా లేదు. లాగ్‌బుక్‌లో సోడా పోసిన సంగతి రాసి, పక్కనే ‘ఆదేశం ఎవరిది’ అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. నాకు సిగ్గేసింది. ఆ గడిలో నా పేరు రాసి, సంతకం పెట్టి, పుస్తకం సెక్రటరీ గారి చేతిలో పెట్టాను. ఆయన అది చదివి, సరే, యాదగిరిని ఉండనివ్వండి అన్నారు.

ఆ తర్వాత యాసిడ్ ఎక్కణ్నుంచి వస్తోందో వెతుకుతూ యాదగిరి వెంట నేను నడిచాను. మురుగు మొదట చేరే తొట్టిలో పొద్దున పదింటికి పీహెచ్ చూస్తే నాలుగు! ఆరా తీస్తే, పండగకని ఇంటింటా బాత్‌రూములు యాసిడ్‌తో కడుగుతున్నారు. సుబ్బారావు గారింట్లోనే నాలుగు సీసాలు తేలాయి.

“మా ఆవిడకి శుభ్రం కాస్త ఎక్కువండీ,” అన్నారాయన, చిన్నగా దగ్గి.

యాసిడ్ నీటిని ఆ తొట్టిలోనే ఆపి, సున్నం నీళ్లు కొద్దికొద్దిగా కలిపి లోపలికి వదిలాం. చంపాపేట్‌లోని మరో ప్లాంటు నుంచి బ్యాక్టీరియా ఉన్న బురదను డ్రమ్ముల్లో తెచ్చి పోశాం. పండగ దాటాక ఒక ఉదయం యాదగిరి ఫోన్ చేశాడు.

“ఏడు చూపిస్తుంది సార్. మనోళ్లు లేచిన్రు.”

ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

పీహెచ్‌ను గాలి ట్యాంకుకు ముందే, నెమ్మదిగా సరిచేయాలి. అది నాకు కాలేజీలోనే చెప్పారు. ఆ దసరా నేర్పింది వేరే: తర్వాత ఏ ప్లాంటుకు వెళ్లినా, ఆదేశం గడిలో ముందు నా పేరు రాసి, ఆపైనే డబ్బా మూత తీయించేవాణ్ని.