గూడూరు తండాలో టేపుకెక్కని ఏడుపు

మొన్న మార్చి పన్నెండు, గురువారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు, జనగామలో మా ఇంటి అరుగు మీద కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంటే ఫోను మోగింది. భూపాలపల్లి నుంచి, బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండే ఒకామె. తనెవరో చెప్పకముందే అడిగేసింది: "టీచరమ్మా, మా అమ్మమ్మ ఏడ్చిన క్యాసెట్టు మీ దగ్గరున్నదా?"

ఏ అమ్మమ్మ అంటే, మానుకోట దిక్కు గూడూరు పక్కన అడవి అంచున ఉన్న ఒక తండా పేరు చెప్పింది. అప్పుడు గుర్తు పట్టాను. వాళ్లది లంబాడీ కుటుంబం. ఏప్రిల్ ఇరవై ఆరున ఆమె కూతురి పెళ్లి. సాగనంపేటప్పుడు పెళ్లికూతురు తల్లి మెడ చుట్టూ చేతులేసి రాగం తీసి ఏడవాలి, తల్లి కూడా అదే రాగంలో తిరిగి జవాబివ్వాలి. దాన్ని వాళ్లు ఢావ్లో అంటారు.

"నేను చిన్నప్పటి సంది హాస్టల్ల చదివిన, నాకు రాదు. మా అమ్మకు వచ్చు గని ఆమె పోయి మూడేండ్లాయె. పిల్ల ఫోన్ల చూసి ఎవలదో నేర్చుకున్నది. రేపు అది నా మెడ పట్టుకుంటే నేనేమనాలె? రాయి లెక్క నిలబడాల్నా?"

జనగామ పంతులమ్మ ఒకామె టేపు డబ్బా పట్టుకొని అమ్మమ్మ ఇంటికి వచ్చేదని తల్లి ఎప్పుడో చెప్పిందట. ఆ ఒక్క మాట పట్టుకుని, తన ఆఫీసులో పనిచేసే నా పాత విద్యార్థి ద్వారా నా నంబరు సంపాదించింది. క్యాసెట్టు లేదని వెంటనే చెప్పాను. ఎందుకు లేదో చెప్పడానికి మాత్రం ఆ సాయంత్రం నేనే మళ్లీ ఫోను చేయాల్సి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. తెలుగు పండిత శిక్షణ ముగించి, ఉద్యోగం ఇంకా చేతికి రాక ఇంట్లో ఉన్న రోజులు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లాగా ఉన్న కాలం. భాష మీద పరిశోధన చేసే ఒక సారుకు ఊళ్లు తిరిగి మాటలు సేకరించే మనిషి కావాలంటే, ఆరు నెలల పనికి ఒప్పుకున్నాను. వ్యాకరణమంటే నాకు మొదటినుంచీ ప్రాణం, అందులో అన్నీ లెక్కల్లాగా తెగుతాయి కనుక. సంధి విడదీస్తే రెండు పదాలు రావాలి, మళ్లీ కలిపితే మొదటి పదమే రావాలి. శేషం మిగలదు.

సారు మొదటి రోజే నా లెక్కలన్నీ పక్కన పెట్టించారు. మాట ఎలా కట్టారన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ మాటతో మనిషి ఏ పని జరుపుకుంటున్నాడో చూడమన్నారు. అడగడం, కాదనడం, బతిమాలడం, బెదిరించడం, ఓదార్చడం, చుట్టరికం నిలుపుకోవడం, ఇలా మనిషికి మాటతో ఎన్ని పనులు పడతాయో, ఆ పనుల ఒత్తిడికే వ్యాకరణం ఇవాళ్టి ఆకారానికి వచ్చిందని ఆయన నమ్మకం. నాకొక అట్టల కట్ట ఇచ్చారు. అట్టకు ఐదు గడులు: ఎవరు, ఎవరితో, ఎక్కడ, అన్న మాట, దానివల్ల జరిగిన పని.

మొదటి వారం జనగామలో మా వాడలోనే తిరిగాను. ఆడవాళ్లు గుమ్మాల్లోంచి ఒకరినొకరు "ఏం కూర అక్కా?" అని అడగడం రాసుకుని, ఐదో గడిలో "వంకాయ కూర అని తెలిసినది" అని నింపి తీసుకుపోయాను. సారు కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. "కూర కోసం అడిగిందా అమ్మా ఆమె? నువ్వున్నవా, నేనున్న అని చెప్పుకున్నరు అంతే." ఆ రోజు నుంచి నాకు చెవులు మారాయి. పత్తి మార్కెట్లో "చూద్దాం లే" అన్నది ఒప్పుకోవడం కాదని, బస్సులో "జర జరుగు" అన్నది ఎవరు ఎవరితో అంటే బతిమాలడమో, ఎవరంటే హుకుమో అన్నీ తెలిసి రాస్తూ పోయాను.

అన్ని అట్టలూ నిండినా ఒకటి మాత్రం నిండలేదు. లంబాడీ ఆడవాళ్లు చాలాకాలం తర్వాత కలుసుకున్నప్పుడు కూడా ఇట్లాగే రాగం తీసి ఏడుస్తారని సారు విన్నారు. పలకరింపు ఏడుపు రూపంలో ఎందుకుందో ఆయనకు కావాలి. అందుకని గూడూరు పక్క తండాకు నన్ను పంపారు, టేప్ రికార్డరుతో సహా.

అక్కడ నన్ను కూర్చోబెట్టి చాయ పోసినామె ఈ ఫోను చేసినామె అమ్మమ్మే. తండాలో అందరూ యాడి అనేవారు, వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అలాగే పిలిచాను. చాయ తాగి, డబ్బా ముందు పెట్టి, ఒకసారి ఏడ్చి వినిపించమన్నాను. ఆమె నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది.

"ఎవలొచ్చిండ్రని ఏడ్వాలె? గోడను పట్టుకొని ఏడ్వాల్నా? నీకేమన్న పిచ్చి లేసిందా పంతులమ్మ!"

ఉత్తగా ఏడిస్తే ఇంటికి అరిష్టమని పక్కింటామె అన్నది. చివరికి నా మొహం చూసి జాలిపడి ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకున్నారు గానీ, రాగం ఎత్తుకునేలోపే పకపకా నవ్వేశారు. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ నవ్వారు. క్యాసెట్టు ఒక వైపు మొత్తం ఆ నవ్వే ఎక్కింది.

తర్వాత వారం మళ్లీ వెళ్లాను. మధ్యాహ్నం పూట యాడి మంచం మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నది. అప్పుడు బాటలో ఒకామె చంకన పసిబిడ్డతో కనిపించింది. కురవి దిక్కు తండాకు ఇచ్చిన యాడి కూతురు, అంటే ఈ ఫోను చేసినామె తల్లి, రెండేళ్లకు పుట్టింటికి వచ్చింది. తల్లి లేచి ఎదురుపోయింది. పసిబిడ్డను పక్కింటామె అందుకుంది. తల్లీ కూతుళ్లు మెడలు పట్టుకున్నారు, రాగం లేచింది. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటున్నారు. పక్కింటామె నా చెవిలో తెలుగులో చెప్తూనే ఉంది: ముందు పేరు పెట్టి పిలుపు, తర్వాత నువ్వు పోయినంక ఎవరెవరు చనిపోయారో, తర్వాత ఇన్నాళ్లు ఎందుకు రాలేదన్న నిష్ఠూరం, దాటి వచ్చిన బాట, చివరికి దీవెన.

వింటూ ఉండిపోయి, తేరుకుని డబ్బా అందుకున్నాను. మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రికార్డర్లలో రెండు మీటలు కలిపి నొక్కితేనే టేపు ఎక్కేది. ఒక చేత్తో ఒళ్లో డబ్బా పట్టుకుని రెండో చెయ్యి మీటల మీద ఆనించబోయేసరికి, కూతురిని వదిలిన యాడి నేరుగా వచ్చి నా మెడ పట్టుకుంది. రెండోసారి గుమ్మం ఎక్కినదాన్ని కదా, నేనూ వచ్చినదాన్నే. డబ్బా మంచం మీదికి జారింది. ఆమె ఒక చరణం పాడి ఆగింది. వీపు మీద తట్టి మళ్లీ పాడి ఆగింది. జవాబు ఇవ్వాలి. నాకా భాష రాదు. నా నోటికి వచ్చింది తెలుగే. "మా అమ్మ పోయింది యాడీ, పోయిన కార్తీకంలో పోయింది, నేను మంచినీళ్లు తెచ్చేలోపే పోయింది" అన్నాను. అప్పటిదాకా ఎవరితోనూ ఆ సంగతి అనలేదు. నా రెండు చేతులూ ఆమె వీపు మీదే ఉన్నాయి.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, ఏమీ జరగనట్టు "చాయ తాగుతవా?" అన్నది.

సారుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. జరిగిన పని రాసే ఐదో గడి నిండా రాశాను, అన్న మాట రాసే నాలుగో గడి ఖాళీ. ఇంకో టేపు కోసం తిరిగి పంపిస్తారనుకున్నాను. ఆయన చూసి, ఆ మాటలో వినేవాళ్లంటూ వేరే ఉండరు కాబట్టి టేపు చేసేవాళ్లూ ఉండలేరని, అట్ట సరిగ్గానే ఉందని తీసుకున్నారు. నేనూ సరిగ్గానే ఉందనుకున్నాను, మొన్న మార్చి పన్నెండు దాకా.

సాయంత్రం ఇదంతా భూపాలపల్లి ఆమెకు చెప్పాను. వరుస మొత్తం చెప్పాను, అది మనుషులకు ఏం చేసిపెడుతుందో చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అది చేసే పని చెప్పిండ్రు టీచరమ్మా, మరి పాటేది?" అన్నది. మళ్లీ ఆమే అడిగింది: "అప్పుడు మీరు తెలుగుల అంటె మా అమ్మమ్మ ఊకున్నదా?"

"ఊకున్నది."

"అయితె నేను గూడ గట్లనే అంట."

పెళ్లికి వెళ్లాను. క్వార్టర్ల మధ్య టెంటు, చెవులు పగిలే డీజే. సాగనంపే వేళకు పిల్ల ఫోనులో నేర్చిన రాగంతో తల్లి మెడ పట్టుకుంది. తల్లి తెలుగులోనే అందుకుంది, రాగం లేదు, వరుస మాత్రం తప్పలేదు. పేరు, పోయిన అమ్మ, పోయిన అమ్మమ్మ, నిష్ఠూరం, బాట, దీవెన. డీజే అతనికి ఎవరూ చెప్పలేదు, తనే సౌండ్ ఆపేశాడు.

పోయినవి రాసి పెడుతున్నాను. ఆ తండా రాగం ఒకటి. తల్లి పాడిన చరణాలు, కూతురు పాడిన చరణాలు, ఎన్నో లెక్కపెట్టలేదు. నాకోసం పాడినవి రెండు. నవ్వు ఎక్కిన క్యాసెట్టు ఒకటి, సారుతోపాటు ఎటు పోయిందో తెలియదు. ఆ రాగంలో జవాబివ్వగలిగిన మనుషులు, నాకు తెలిసి, ఇద్దరు, ఆ తల్లీ కూతుళ్లు.