మూడు మడతల ఫిల్ము

కొండల మధ్య గని ఊరు క్వీన్స్‌టౌన్‌లో ఫిల్ము డబ్బీ మీద ఏదీ రాయరు. రాసినా నిలవదు. ఏడాదిలో మూడొంతుల రోజులు వాన పడే ఊళ్లో సిరా ఎక్కడ ఆగుతుంది? అందుకని వారపత్రిక ఫొటోగ్రాఫరు క్లారీ తనకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రీలు అయిపోయాక డబ్బీలోంచి నాలుకలా బయటికి వేలాడే కొసని మడిచేవాడు. మడత లేకపోతే మామూలుగా కడగమని. ఒక మడత ఉంటే ఫిల్ము కడిగే మందులో కాస్త ఎక్కువసేపు ఉంచమని. రెండు మడతలుంటే ఆ రోజు కొండల మీంచి పొగమంచు దిగి ఊరంతా గంజినీళ్లలా ఉందనీ, చాలీచాలని వెలుగుతోనే తీశాననీ, ఇంకా చాలాసేపు నానబెట్టి నలుపునీ తెలుపునీ విడదీసి పెట్టమనీ అర్థం.

చీకటిగదిలో ఆ మడతలు తడిమి చూసేది థెల్మా.

పద్నాలుగేళ్లు వాళ్లిద్దరి మధ్యా గోడలో ఒక చిన్న కిటికీ. దానికి రెండు వైపులా రెండు తలుపులు. క్లారీ అవతలి తలుపు తీసి రీలు పెట్టి మూసేవాడు. తర్వాత థెల్మా ఇవతలి తలుపు తీసుకునేది. మాటలన్నీ గోడకి అటూ ఇటూ నుంచే.

"ఏం గుడ్లగూబమ్మా, తెల్లారిందా లోపల?"

"తెల్లారింది గానీ, కిందటిసారి నువ్వు తీసిన ఫుట్‌బాల్ ఆటగాడు ఏడీ? నాకు మంచే కనబడింది."

"ఆ మంచులోనే ఉన్నాడు. ఇంకాస్త నానబెట్టు, బయటికొస్తాడు."

"నానబెడితే వచ్చేది నువ్వు పట్టినదే క్లారీ. పట్టనిది నేనెక్కణ్ణించి తెచ్చేది?"

ఈ ముక్క ఆమె పెళ్లిఫొటోల కోసం వచ్చేవాళ్లకీ చెప్పేది. మందులో ఎక్కువసేపు ఉంచితే తెల్లనిది ఇంకా తెల్లనవుతుంది. నీడలో ఏమీ పడకపోతే ఆ నీడ నల్లగానే ఉండిపోతుంది.

అప్పట్లో థెల్మా ఇంట్లో మొగుడు మంచాన ఉన్నాడు. గనిలో రాతిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయిన మనిషి. ఐదు కొట్టగానే ఆమె కోటు తొడుక్కుని పరుగెత్తేది. క్లారీకి ఇది తెలుసు. తెలిసినవాడు గనక గోడ దాటి ఒక్క మాటా అనలేదు.

పదకొండేళ్ల కిందట ఒక శనివారం, కంకర మైదానంలో ఆట అయ్యాక, వేడి మాంసపు రొట్టెలు కొనుక్కునే వరసలో ఆమె పక్కన నిలబడి, "సోమవారం ఒక రీలు ఇస్తాను. అది నీకే. ఎవరికీ చూపించకు," అన్నాడు. అతని భుజాలు తడిసి ముద్దయి ఉన్నాయి. కోటు చంకలో పెట్టుకుని వానలో ఎందుకు నిలబడ్డాడో అడుగుదామనుకుంది, అడగలేదు. ఆదివారం చేపలకని స్ట్రాన్ రేవుకి వెళుతుంటే మలుపులో బండి జారి క్లారీ పోయాడు. సోమవారం కిటికీలో ఏ రీలూ లేదు.

ఆ తర్వాత థెల్మాకి తెలిసొచ్చిందేమిటంటే, క్లారీ తీసిన వేల ఫొటోలు తన చేతుల మీదుగా వెళ్లాయి గానీ, క్లారీ ఫొటో ఒక్కటి కూడా తన దగ్గర లేదు. కెమెరా వెనక ఉన్నవాణ్ణి ఎవరు తీస్తారు? మూడేళ్లకి మొగుడు కూడా పోయాడు. ఏటా క్లారీ ముఖంలో ఏదో ఒకటి చెరిగిపోతూ వచ్చింది. ముందు చెవులు, తర్వాత నవ్వినప్పుడు ఏ బుగ్గ ముందు కదిలేదో అదీ.

ఈ ఏడు మే నెలలో క్లారీ చెల్లెలు ఐల్సా పత్రికాఫీసుకి వచ్చింది. కూతురి దగ్గర ఉండడానికి డెవన్‌పోర్టు వెళ్లిపోతోంది. గొడుగు మూసి, ఒక తుప్పు పట్టిన పొగాకు డబ్బా బల్ల మీద పెట్టింది.

"వాడి వానకోటు ఇన్నాళ్లూ బట్టలుతికే గదిలో మేకుకే వేలాడుతోందే. తీయబుద్ధి కాలేదు. ఇవాళ సామాను సర్దుతూ జేబులో చెయ్యి పెడితే ఇది దొరికింది. విప్పలేదు. నీ పని గదా."

థెల్మా డబ్బా చీకటిగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకుంది. మూత తీసి, లోపలి రీలు కొసని వేళ్లతో తడిమింది. ఒక మడత. రెండు. మూడు.

మళ్లీ తడిమింది. మూడే. మూడు మడతలు ఎప్పుడూ లేవు. వాళ్లిద్దరి పద్ధతిలో మూడు అనేదే లేదు.

బయటికొచ్చి, "మూడున్నాయి ఐల్సా," అంది. "రెండే ఉండాలి. మూడోది నలిగిందేమో."

"డబ్బాలో ఉన్నది ఎలా నలుగుతుందే? వాడి చొక్కాలు చూశావుగా, ఇస్త్రీ అక్కర్లేకుండా మడిచేవాడు. మూడంటే మూడే."

"ఒప్పు అయితే సరే. తప్పు అయితే? ఉన్నది ఒక్క రీలు. అసలే పదకొండేళ్ల పాతది. అంతసేపు ఉంచితే మొత్తం నల్లబారిపోవచ్చు."

"నన్నడుగుతావేం? పద్నాలుగేళ్లు వాడి మడతలు చదివినదానివి నువ్వు."

థెల్మా మందు కలిపింది. వెచ్చదనం సరిపోయేదాకా ఆ గిన్నెని వేన్నీళ్లలో నిలబెట్టింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. మొదట కొంచెం ముక్క కత్తిరించి కడిగి చూడాలి. అది ఎలా వచ్చిందో చూసి మిగతా రీలుకి ఎంతసేపో నిర్ణయించుకోవాలి. ముందు నాలుగు ఫొటోలు పోతే పోతాయి, తక్కినవి దక్కుతాయి. జాగ్రత్తపరులు చేసే పని అదే. చీకట్లో కొస పట్టుకుని లాగి, జానెడు పైన కొలిచి, కత్తెర ఆనించి కత్తిరించింది.

ఆ ముక్కని రెండు మడతల లెక్కన కడిగింది. దీపం వేసి చూస్తే పల్చగా, ఊదిన గాజులా ఉంది. బొమ్మలున్నాయో లేవో కూడా తెలియనంత పల్చన. అయితే మూడే. క్లారీ మూడు అంటే మూడే.

మిగతా రీలు ఇంకో మడతకి సరిపడా సమయం కలిపి, మూడు మడతల లెక్కన నానబెట్టింది. అరనిమిషానికోసారి మందు డబ్బా తిప్పుతూ, గడియారం చూస్తూ. కడిగి, ఆరవేసింది. ఒక్కటి తప్పలేదు. పొగమంచులోంచి ఆటగాళ్లు కోసినట్టు బయటికొచ్చారు. మోకాళ్ల మీద కంకర గీతలు, బంతి కుట్లు. తెలుపు తెలుపు, నలుపు నలుపు. ఆదినుంచీ చివరిదాకా ఆట.

మొదటిది తప్ప. అది సగమే ఉంది, కత్తెర పడిన చోట. ఆటది కాదు. పత్రికాఫీసు వెనక, థెల్మా రోజూ టీ తాగే మెట్టు. తడిసి మెరుస్తున్న మెట్టు మీద వానకోటు నీటుగా మడిచి, పొడి వైపు పైకి వచ్చేలా పరిచి ఉంది. దాని అంచు మీద ఒక మగవాడి చెయ్యి. ఎవరికోసమో చోటు పట్టుకున్నట్టు.

థెల్మా పల్చటి ముక్క తీసుకుని బల్లదీపం దగ్గరికి పరుగెత్తింది. భూతద్దం పెట్టింది. మొదటి ఫొటోలో ఖాళీ మెట్టు. కెమెరాని కంచె మీద పెట్టి, తనంతట తనే ఫొటో తీసుకునే మీట తిప్పి పరుగెత్తుకొచ్చాడు, ఇంకా చేరలేదు. రెండోదానిలో గీతలా ఒక మనిషి. మూడోదానిలో కూర్చుంటూ తల వంచుకున్నాడు. నాలుగోది సగం. కత్తెర ఇవతలి సగం. క్లారీ. టోపీ తీసేసి, సూటిగా కెమెరా వైపు చూస్తూ.

ఉన్నాడు. కానీ ఊపిరి తగిలితే చెదిరిపోయేంత పల్చగా ఉన్నాడు.

నలుపునీ తెలుపునీ ఎంత బాగా విడదీసే కాగితం మీద అచ్చువేసినా బూడిదరంగు ముఖమే వచ్చింది. చెవులు తెలిశాయి. కళ్లు ఉన్న చోటు తెలిసింది, కళ్లు తెలియలేదు. మూడు మడతలు నమ్మి మొత్తం ఒకేసారి కడిగి ఉంటే కనురెప్పల మీది వానచుక్కలు కూడా వచ్చేవి. ఇంకో బెత్తెడు పైన కత్తిరించినా కనీసం ఆ ఇద్దరి చోటూ ఒక్క ఫొటోలో ఉండేది. రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకటి పొగ, ఒకటి రాయి. అతకలేదు.

మర్నాడు ఐల్సా వచ్చింది. ముఖం ఉన్న కాగితం చేతిలో పెడితే వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"వీడే," అంది చివరికి. "పొద్దున్నే లేచినప్పుడు ఇలాగే ఉండేవాడు, సగం నిద్రలో. మరి అదేమిటి, నీ దగ్గరున్నది?"

"మెట్టు."

"ఉత్త మెట్టా? ఎవరూ లేకుండా?"

"కోటు ఉంది."

ఐల్సా ఆ ఫొటో అందుకుని దగ్గరగా చూసింది. తన ఇంట్లో పదకొండేళ్లు మేకుకి వేలాడిన కోటు. ఫొటో తిరిగి థెల్మా చేతిలో పెట్టింది. "బస్సు రెండింటికి," అని గొడుగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "కోటు సామానులో సర్దేశాను. వెళ్లాక పంపించనా?" అంది.

"పంపించు," అంది థెల్మా.

ఐల్సా వెళ్లాక థెల్మా టీకప్పు పట్టుకుని వెనక తలుపు తీసింది. చినుకులు పడుతున్నాయి. పాత మెట్టు తీసేసి సిమెంటు పోసి రెండేళ్లయింది. ఎప్పుడూ మధ్యలో కూర్చునే మనిషి ఆ రోజు ఫొటోలో కోటు పరిచి ఉన్న ఎడమపక్కకి, గోడవారగా జరిగి కూర్చుంది. టీ చల్లారేదాకా తడుస్తూనే ఉంది.