కంప్యూటర్‌కు అక్షింతలు

సిద్దిపేటలో మా ఇంటి ముందు గదిలోనే పెళ్లికార్డులు డిజైన్ చేసే షాపు మొదలుపెట్టిన రోజు అది. కంప్యూటర్ సెకండ్‌హ్యాండ్‌ది కదా, ఎవరి దిష్టి ఉందోనని మా అత్తమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టి గుప్పెడు అక్షింతలు చల్లింది. వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా నేను స్విచ్ వేశాను.

నల్లటి తెర మీద ఒక ఇంగ్లిషు లైను వచ్చింది. తర్వాత కీచుమని ఒకటే మోత. ఎంతకీ ముందుకు పోదు.

“పూజ తక్కువైంది బిడ్డా” అంటూ అత్తమ్మ ఇంకో గుప్పెడు అక్షింతలు చల్లింది. మోత ఇంకా ఎక్కువైంది.

అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. మంటెక్కి, అమ్మినతనికి ఫోన్ చేశాను.

“ఏందన్నా, గిసొంటి డొక్కుది అంటగట్టినవ్? కీబోర్డు ఖరాబైందని తెర మీద గదే చెప్తున్నది!” అని అరుస్తూ, కోపంలో కీబోర్డును ఎత్తి బోర్లించాను.

జలజలా అక్షింతలు రాలాయి. మోత టక్కున ఆగిపోయింది.

“గా సప్పుడేందక్కా?” అన్నాడతను.

“ఏం లేదన్నా... మా అత్తమ్మ నిన్ను దీవిస్తున్నది” అన్నాను.

గదంతా ఒకటే నవ్వు. మీట కింద ఇరుక్కున్న చివరి గింజను పిన్నీసుతో తీసి మళ్లీ స్విచ్ వేస్తే, కంప్యూటర్ బుద్ధిగా లేచింది.

“చూసిన్రా, రెండోసారి చల్లినంకనే దారికొచ్చింది” అంది అత్తమ్మ గర్వంగా.

మొన్న ప్రింటర్ కొన్నాం. పూజ అయ్యేదాకా అట్టడబ్బా విప్పలేదు. అత్తమ్మ భక్తిని ఆపడం నా వల్ల కాదు గానీ, డబ్బా మూత నా చేతిలోనే ఉంది కదా!